బావగారి మెయిళ్లు ఏ గుమ్మంలోంచి రావాలి?

హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీ నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి ఇది.

వాళ్లది 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండేళ్లుగా ఆవిడే అసోసియేషన్ ట్రెజరర్. 'ఎ' బ్లాకులో ఆవిడ బావగారు, అంటే భర్తకు అన్నగారు, ఉంటారు. విద్యుత్ శాఖలో ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరుగా, రిటైరయ్యారు. వాట్సాప్‌లో తగాదాలు ముదరడంతో ఓనర్లంతా కలిసి ఒక గూగుల్ గ్రూపు పెట్టుకున్నారు. ఒక చిరునామాకి మెయిల్ కొడితే అందరికీ చేరుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే బావగారికి ఇది బాగా కలిసొచ్చింది. కాఫీ తాగి కూర్చుంటే ఏడింటికల్లా ఆరేడు మెయిళ్లు. జనరేటర్ డీజిల్ కింద 3,400 ఎక్కువ పడిందేం? నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల పథకానికి ఆధార్ లింక్ చేయని ఫ్లాట్లు ఏవి? సెక్యూరిటీ ఏజెన్సీ బిల్లులో టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోశారా? ప్రతి మెయిల్ చివరా ఒకటే ముక్తాయింపు: 'ట్రెజరర్ గారు వివరణ ఇవ్వగలరు.' సాయంత్రం అదే బావగారు లిఫ్టు దగ్గర కనపడితే, 'ఏమ్మా, వాడు ఇంటికొచ్చాడా' అంటారు. మెయిళ్ల ఊసే ఎత్తరు.

పొద్దున్నే ఫోను చేతిలోకి తీసుకోవాలంటే గుండె దడగా ఉంటోందట ఆవిడకి. ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే కొడుకు చూసి, 'ఇంతేనా అమ్మా' అని రెండు నిమిషాల్లో జీమెయిల్‌లో ఒక ఫిల్టరు పెట్టాడు. పెదనాన్న వాడే రెండు చిరునామాల్లో దేన్నుంచి ఏదొచ్చినా చెత్తబుట్టలోకి. నెలరోజులు ప్రాణం హాయిగా ఉంది. ఒక్కటే వింత, బావగారివి కొన్ని గ్రూపు మెయిళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

అంతలో మామగారి ఆబ్దికం వచ్చింది. అపరాహ్ణానికి తిథి ముందురోజే ఉందని పంతులుగారు చెప్పడంతో ఈసారి ఒకరోజు ముందుకు జరిపారు. ఆ విషయం బావగారు ఈవిడకొక్కదానికే మెయిల్ పెట్టారు. 'వాడు మెయిళ్లు చూడడు, నువ్వయితే చూస్తావు' అని అందులో రాశారు కూడా. అది చెత్తబుట్టలో పడింది. ఆ పొద్దున ఎనిమిదిన్నరకి తోడికోడలు ఫోన్ చేసి 'ఇంకా రాలేదేంటి' అంటే గానీ తెలియలేదు. అప్పటికే భర్త ఇడ్లీ తిని మెట్రో ఎక్కేశారు. ఎర్రగడ్డలో దిగి వెనక్కి వచ్చారు. తిన్న సంగతి ఎవరికీ చెప్పకుండానే తలస్నానం చేసి కూర్చున్నారు. 'మెయిల్ పెట్టాను కదమ్మా, చూడలేదా?' అని బావగారు అడిగితే ఈవిడ, 'చూశాను బావగారూ, తేదీ పొరపాటు పడ్డాను' అనేశారు.

ఆ రాత్రే ఫిల్టరు తీసేశారు. మర్నాటి నుంచి మళ్లీ దడ. ఇప్పుడు అడుగుతున్నారు: ఆయన గ్రూపులో రాసేవి మాత్రం పక్కకు పోయి, నాకు రాసేవి నాకు వచ్చే దారుందా? ట్రెజరర్ పదవి వదిలేయనా? 'నేను చేసింది తప్పయితే కంప్యూటర్‌లో దిద్దుకోవాలా, మనిషి దగ్గర దిద్దుకోవాలా?'

అమ్మా,

ముందు ఫిల్టరు సంగతి చూద్దాం. మీ ఉత్తరం చదువుతుంటే, మీరు మనిషి మీద కోపమనుకుంటున్నదాంట్లో సగం ఫిల్టరు తిరగబడటం వల్ల వచ్చిందేమో అనిపించింది.

మీ బావగారు మీ ఇంటికి రెండు గుమ్మాల్లోంచి వస్తున్నారు. వీధి గుమ్మంలోంచి వచ్చేటప్పుడు ఆయన ఓనరు, మీరు ట్రెజరర్ గారు. పెరటి గుమ్మంలోంచి వచ్చేటప్పుడు మీరు 'ఏమ్మా.' మీవాడు పెట్టిన ఫిల్టరు ఏ గుమ్మంలోంచి వచ్చారన్నది చూడలేదు, మొహం ఒక్కటే చూసింది. 'ఫ్రమ్' అనే ఒక్క గళ్లో చిరునామా పెడితే జరిగేది అంతే. పంపింది ఆయనయితే చాలు, అది 96 మందికి రాసిందా, మీ ఒక్కరికే రాసిందా అని అడగదు.

అడగడానికి వీలుంది. గ్రూపు ద్వారా వచ్చే మెయిల్‌కి పైకి కనపడని తల భాగంలో 'లిస్ట్-ఐడీ' అని ఒక వరస ఉంటుంది, ఇది ఫలానా గ్రూపు నుంచి వచ్చిందని చెబుతుంది. 2001లోనే దీన్ని ప్రమాణంగా రాసిపెట్టారు. కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి, మూడు చుక్కల మీద నొక్కి, 'షో ఒరిజినల్' అంటే మీరే చూడొచ్చు. నేరుగా రాసిన ఆబ్దికం మెయిల్‌లో ఆ వరస ఉండదు. మీకు కావలసిన తేడా ఇదే.

ఇక కొన్ని మెయిళ్లు ఎలా తప్పించుకున్నాయన్న వింత. అలా వచ్చినవాటిలో బావగారి పేరు పక్కన 'వయా' అని, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు పేరు కనపడుతోందని, అవన్నీ ఆయన పాత యాహూ చిరునామా నుంచి, లాప్‌టాప్‌లో రాసినవని మీరే రాశారు. గుట్టు అక్కడే ఉంది. దొంగ మెయిళ్లను ఆపడానికి 2014 ఏప్రిల్‌లో యాహూ ఒక కట్టుబాటు పెట్టింది. మా పేరున్న మెయిల్ మా దగ్గర నుంచి కాక వేరే చోటు నుంచి వస్తే తిప్పికొట్టండి అని మిగతా మెయిల్ సంస్థలకు చెప్పేసింది. గ్రూపు చేసే పనేమో ఒకరి మెయిల్ తీసుకుని అందరికీ తాను పంపడం. తిప్పికొట్టించుకోకుండా ఉండాలంటే 'ఫ్రమ్' దగ్గర ఆయన చిరునామా తీసేసి తన చిరునామా పెట్టుకోవాలి, పేరు మాత్రం ఆయనది ఉంచాలి. గూగుల్ గ్రూపు ఇలాంటి చిరునామాలకు చేసేది అదే. అంటే మీ ఫిల్టరు వెతికే చిరునామా ఆ మెయిళ్లలో లేనే లేదు. వద్దనుకున్నవి దర్జాగా లోపలికొచ్చాయి, కావలసిన ఒక్కటీ చెత్తబుట్టలో పడింది. పాపం, పిల్లాడిని తిట్టకండి. ఇది తెలియని పెద్దలు చాలామంది ఉన్నారు.

కాబట్టి మళ్లీ పెట్టేటప్పుడు రెండు షరతులూ కలిపి పెట్టండి. ఈ పని కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి చేయాలి, ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టరు పెట్టడానికి వీలుండదు. ఒకసారి పెట్టాక ఫోన్‌లోనూ పనిచేస్తుంది. పైన వెతికే పెట్టె పక్కనున్న గుర్తు నొక్కితే గళ్లు వస్తాయి. 'ఫ్రమ్' గళ్లో ఆయన జీమెయిల్ చిరునామా, తర్వాత పెద్ద అక్షరాల్లో 'ఆర్' (OR), తర్వాత మెయిళ్లలో ఎలా పడుతుందో అలాగే ఆయన పేరు మొత్తం డబుల్ కొటేషన్ గుర్తుల మధ్య, అన్నీ ఇంగ్లిష్‌లోనే. చిరునామా మారినా పేరు మిగులుతుంది కాబట్టి 'వయా' రకం కూడా దొరుకుతుంది. 'హాజ్ ద వర్డ్స్' గళ్లో లిస్ట్ అనే మాట, కోలన్, వెంటనే ఖాళీ వదలకుండా గ్రూపు చిరునామా. అప్పుడు ఆయన రాసిందై ఉండాలి, గ్రూపు ద్వారానూ రావాలి. రెండూ కుదిరితేనే కదులుతుంది.

పేరు మొత్తం రాయమన్నది ఊరికే కాదు. ఉద్యోగం చేసే రోజుల్లో నేనొక పెద్దమనిషి గోల పడలేక 'రావు' అని రెండక్షరాలు పెట్టి ఫిల్టరు చేసుకున్నాను. మన హైదరాబాద్‌లో, అదీ ఒక తెలుగు ఆఫీసులో! వారం తర్వాత చూస్తే సగం ఆఫీసు అందులో ఉంది. మా జీతాల సెక్షన్ ఆయనతో సహా.

'క్రియేట్ ఫిల్టర్' నొక్కే ముందు ఒక్కసారి 'సెర్చ్' నొక్కండి. ఏవేవి దొరుకుతాయో అక్కడే కనపడుతుంది. డీజిల్ మెయిల్ అందులో ఉండాలి, ఆయన మీకు నేరుగా రాసినది ఒక్కటీ ఉండకూడదు. ఉంటే ఎక్కడో అక్షరం తప్పింది. మీవాడు ఈ ఒక్క నిమిషం ఆగి ఉంటే మీవారు ఇడ్లీ తినకుండా ఉండేవారు.

తర్వాత, దొరికినదాన్ని ఏం చేయాలన్నది. 'డిలీట్ ఇట్' వద్దు. చెత్తబుట్టలో పడ్డది 30 రోజుల్లో పూర్తిగా పోతుంది, మీరేమో లెక్కలు చూసే మనిషి. 'స్కిప్ ద ఇన్‌బాక్స్' పెట్టి, ఒక లేబుల్ తగిలించండి. లేబుల్‌కి 'బావగారు' అని పేరు పెట్టకండి, మీ ఫోను ఎవరి చేతిలోనైనా పడొచ్చు. 'ఓనర్ల ప్రశ్నలు' అని పెట్టుకోండి. 'బ్లాక్' నొక్కితే పెరటి గుమ్మం కూడా మూసుకుంటుంది, నేరుగా రాసినవీ స్పామ్‌లోకి పోతాయి. 'స్పామ్' అని ఫిర్యాదు చేయడం ఇంకా చేటు. అసోసియేషన్ నోటీసులు కూడా స్పామ్‌లోకి జారిపోవడం మొదలవచ్చు.

ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ఒక్కోసారి ఆయన మీకు రాస్తూ గ్రూపుకి కూడా నకలు పెడతారనుకోండి. జీమెయిల్ రెండు కాపీలు చూపించదు, ఒక్కటే ఉంచుతుంది. అది గ్రూపు ద్వారా వచ్చిన కాపీ అయితే పక్కకు పోతుంది. 'డజంట్ హావ్' గళ్లో టూ, కోలన్, మీ చిరునామా పెడితే, మీ పేరు పెట్టి రాసినవి ఇన్‌బాక్స్‌లోనే ఉంటాయి. దీన్ని కూడా 'సెర్చ్' నొక్కి సరిచూసుకోండి. మరో ఓనరెవరైనా ఆయన మెయిల్‌కి జవాబిస్తే, ఆ సంభాషణ మొత్తం ఇన్‌బాక్స్‌లోకి తిరిగొస్తుంది, అందులో ఆయన రాసిందీ కనపడుతుంది. సెట్టింగ్స్‌లో 'కన్వర్జేషన్ వ్యూ' ఆపేస్తే మెయిళ్లు విడివిడిగా వస్తాయి. అయినా జవాబిచ్చినవాళ్లు ఆయన మాటల్ని కిందే అతికిస్తారు కదా, దానికి ఫిల్టరు లేదు. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్లు కూడా ఇలాగే చేయొచ్చు. 'ఏదైనా ఒకటి కుదిరితే' కాదు, 'అన్నీ కుదిరితే' అన్నది ఎంచుకోవాలి, లేకపోతే మళ్లీ మీవాడి ఫిల్టరే. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ తెరిచి ఉన్నప్పుడే అది పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

ఇక మనిషి సంగతి.

ఫిల్టరు పెట్టడం తప్పా అన్నారు. మీరు మామూలు ఓనరయితే తప్పు కాదు, మీ ఇన్‌బాక్స్ మీది. కానీ మీరు ట్రెజరర్. మీరు రాసిన మూడు ప్రశ్నల్లో డీజిల్‌ది చాదస్తం అనుకుందాం, నీళ్లది కమిటీ చూసుకోవాల్సింది. టీడీఎస్ ప్రశ్న మాత్రం నిజమైన ప్రశ్న. ఏజెన్సీకిచ్చే డబ్బులో కోయాల్సింది కోయకపోతే రేపు నోటీసు వచ్చేది అసోసియేషన్ పేరు మీద, సంతకం మీది. మీ ఉత్తరంలో దానికి జవాబు కనపడలేదు. నలభై మెయిళ్ల విసుగులో ఒక పనికొచ్చే మెయిల్ కొట్టుకుపోయింది. అందుకే చదవనక్కర్లేకుండా చేసుకోకండి, ఎప్పుడు చదవాలో మీరు నిర్ణయించుకోండి అంటున్నాను.

అలా చేయడానికి నాకు మూడు నాలుగు దారులు తోస్తున్నాయి. దేని కష్టం దానిదే.

మొదటిది, పైన చెప్పిన ఫిల్టరు పెట్టుకుని, వారానికోసారి, శనివారం సాయంత్రమనుకోండి, ఆ లేబుల్ తెరిచి అన్నిటికీ కలిపి ఒకే జవాబు రాయడం. 'లెక్కల ప్రశ్నలకు శనివారాల్లో జవాబిస్తాను' అని ముందే గ్రూపులో అందరికీ ఒక ముక్క రాయండి. ఆయన పేరు ఎత్తకండి, ఆయన మెయిల్ కింద జవాబుగా కూడా రాయకండి. కొత్త మెయిల్‌గా పెట్టండి. మొదటి రెండు వారాలు మెయిళ్లు పెరుగుతాయి, దానికి సిద్ధపడండి. రోజూ జవాబొస్తే రోజూ అడగబుద్ధవుతుంది, వారానికోసారి వస్తే ఒక పద్ధతి పడుతుంది. పడకపోవచ్చు కూడా. ఏడీఈగా చేసినవారికి రిజిస్టరులో ఏ రోజు ఎంట్రీ ఆ రోజే పడాలి మరి.

రెండోది, నాకు ఎక్కువ నచ్చింది. ట్రెజరర్‌కని విడిగా ఒక చిరునామా తెరవండి. గ్రూపులో మీ సొంత చిరునామా తీసేసి దాన్ని చేర్పించండి. ఇంటివాళ్లవీ చుట్టాలవీ పాతదానికి వస్తాయి, అపార్ట్‌మెంట్‌వి కొత్తదానికి. ఫిల్టరు గొడవే ఉండదు. రేపు పదవి దిగేటప్పుడు పాస్‌వర్డుతో సహా తర్వాతివారికి అప్పగించేయొచ్చు, రెండేళ్ల కాగితాలు వెతికిచ్చే బాధ తప్పుతుంది. ఆ ఖాతా నోటిఫికేషన్లు ఫోన్‌లో ఆపేసుకోండి, పొద్దున దడ సగం అక్కడే తగ్గుతుంది. కష్టమేమిటంటే రెండు చోట్ల చూడాలి. బావగారు అలవాటుగా ఆబ్దికం కబురు కూడా కొత్తదానికే పెట్టేయొచ్చు. అది మీరు ఆయనకు చెప్పి తీరాలి.

మూడోది, గ్రూపు సెట్టింగులో 'డైజెస్ట్' పెట్టుకోవడం. 25 దాకా మెయిళ్లు కలిపి ఒక్కటిగా వస్తాయి. సుఖంగానే ఉంటుంది గానీ, అందులో బావగారూ నీళ్ల ట్యాంకరూ పార్కింగూ ఒకే మూటలో ఉంటాయి. ఎవరు రాశారన్నదాన్ని బట్టి విడదీయడం ఇక కుదరదు. ట్రెజరర్‌కి నేను చెప్పను. గ్రూపు నడిపేవారితో చెప్పి ఆయన మెయిళ్లు ముందు పరిశీలనకు వెళ్లేలా చేయించవచ్చని మీ పక్క ఫ్లాటావిడ సలహా ఇచ్చారన్నారు. చేయించవచ్చు. కానీ ఆ సంగతి ఆయనకు వారంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే పండక్కి మీ రెండిళ్ల మధ్య లిఫ్టు కూడా నడవదు.

పదవి వదిలేయడం మీ ఇష్టం. జనరల్ బాడీ దాకా ఆగి, లెక్కలు ఆడిట్ చేయించి దిగితే ఎవరూ ఏమీ అనరు. మధ్యలో, అదీ టీడీఎస్ ప్రశ్నకు జవాబివ్వకుండా దిగితే మాత్రం, మీరు దేనికి భయపడ్డారని వందమంది వంద అనుకుంటారు. అది మీకు వద్దనుకుంటాను.

ఆయనతో మాట్లాడాలా? మీవారి చేత చెప్పించాలని ఉందన్నారు. నేనయితే చెప్పించను. ఆయన చెబితే అది అన్నదమ్ముల మాటైపోతుంది, అందులోకి ఎప్పటిదో ఊళ్లో పొలం సంగతి కూడా వస్తుంది. మీరే వెళ్లండి. అక్కయ్యగారు కూడా ఉన్న వేళ చూసి, కూర్చుని, 'బావగారూ, ఇంటి సంగతులకు నాకు ఫోన్ చేయండి, మెయిళ్లలో కలిసిపోతున్నాయి' అనండి. ఇంతవరకు అనడానికి ఏ మొహమాటమూ అక్కర్లేదు. 'గ్రూపులో అడిగే ముందు నన్నొకసారి అడగండి' అన్నది మీకు ధైర్యం ఉంటేనే. దానికి ఆయన నొచ్చుకోవచ్చు. అది వేరు, ఇది వేరు అనొచ్చు. గ్రూపులో ఆయన 'ట్రెజరర్ గారు' అని రాసేది మిమ్మల్ని దూరం పెట్టడానికి కాదేమో, మరదలని మొహమాటపడ్డారని మిగతా ఓనర్లు అనకూడదనేమో. నాకు తెలియదు, మీకు అడిగితే తెలుస్తుంది. సొంత తమ్ముణ్ని కాదని తండ్రి ఆబ్దికం కబురు మీకు రాసిన మనిషి ఆయన. ఆ ఒక్క వాక్యం మీ ఉత్తరంలో మీరు రెండుసార్లు రాశారు, గమనించుకున్నారో లేదో.

ఇక 'చూశాను' అన్న మాట. ఫిల్టరు సంగతి చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చలేను. చెప్పకపోతే ఒక ప్రమాదం ఉంది, బావగారి లాప్‌టాప్ పాడైతే బాగుచేసేది మీవాడేనన్నారు. వాడి నోటి వెంట ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. చెబితే ఆ పూట కష్టంగా ఉంటుంది. మధ్యేమార్గంగా, 'ఆ రోజు మీ మెయిల్ నేను చూడలేదండీ, చూశానని అబద్ధం చెప్పాను' అన్నంత వరకు చెప్పొచ్చు. ఎందుకు చూడలేదని ఆయన అడిగితే అప్పుడు మిగతాది. ఇడ్లీ సంగతి మాత్రం మీవారిది, అందులో మీరు తలదూర్చకండి.

ఆ మెయిల్ ఇంకా చెత్తబుట్టలోనే ఉందని, తీయడానికి మనసొప్పడం లేదని చివర్లో రాశారు. 30 రోజుల గడువుంది కాబట్టి దాన్ని ఇన్‌బాక్స్‌లోకి తెచ్చుకోమని మీకు ముందే విడిగా రాశాను, తెచ్చుకున్నారనే అనుకుంటున్నాను. బావగారి ఆ మెయిల్‌కి మీ నుంచి ఇంతవరకు జవాబు వెళ్లలేదు. ఏడాదికోసారి వచ్చే తిథి కాబట్టి, వచ్చే ఏడాది తేదీ పంతులుగారిని అడిగి ముందే చెప్పమని ఆ జవాబులోనే రాయొచ్చు. నకలు మీవారికి కూడా పెట్టండి, చూసినా చూడకపోయినా.